నొప్పి అమ్మది, మాట కూడా అమ్మదే కావాలి

మన ఇళ్లల్లో నొప్పి ఒకరిది, డాక్టరుతో మాట్లాడేది ఇంకొకరు. అమ్మ నడుము గురించి కొడుకు చెప్తాడు, మామగారి మోకాళ్ల గురించి కోడలు చెప్తుంది. జలుబుకో జ్వరానికో అయితే ఇలా గడిచిపోతుంది. పెయిన్ స్పెషలిస్టు దగ్గర గడవదు. ఎమ్మారైలో డిస్క్ జారినట్టు కనిపిస్తున్నా నొప్పే తెలియనివాళ్లు చాలామంది ఉంటారు. స్కాన్‌లో పెద్దగా ఏమీ లేకపోయినా రాత్రంతా నిద్రలేనివాళ్లూ ఉంటారు. అందుకే మొదటి విజిట్‌లో ఆ డాక్టరుకు కావాల్సింది ముందుగా రోగి చెప్పే మాట. అమెరికాలో అమ్మానాన్నల్ని పెయిన్ క్లినిక్‌కి తీసుకెళ్తున్న మనవాళ్లందరినీ నేను కోరేది అదే: వాళ్లను వాళ్ల నోటితో చెప్పనివ్వండి. తయారీ అంతా దానికోసమే జరగాలి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, కొడుకు ముందు అమ్మ చెప్పుకోలేనివి కొన్ని ఉంటాయి. నడుము నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పడం, లేదా రావాల్సినప్పుడు రాకపోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాలిలో ఉన్నట్టుండి బలం తగ్గడం. వెన్నులో నరాలు బాగా నొక్కుకుపోతున్నాయనడానికి ఇవి గుర్తులు కావచ్చు. అలాంటప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. కానీ ఏ తల్లి అల్లుడి ముందు ఈ మాట నోరు విప్పి చెప్తుంది? “ఏం లేదు నాయనా, వయసు కదా” అని ఊరుకుంటుంది. మనం దాన్నే ఇంగ్లీషులోకి మార్చి చెప్పి వచ్చేస్తాం.

దీనికి దారి ఉంది. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్‌లు ఇంగ్లీషు రాని రోగికి ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయాలని ఇక్కడి చట్టం చెప్తోంది. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్సులు తీసుకునే చోట్లు దాదాపు అన్నీ ఇందులోకి వస్తాయి. ఫోన్లోనో వీడియోలోనో తెలుగు మాట్లాడే మనిషి దొరుకుతారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే “తెలుగు కావాలి” అని చెప్పి ఉంచండి. “మేమున్నాంగా, ఎందుకు దండగ” అని వద్దనేస్తున్నాం మనం. వద్దనకండి. మీరు పక్కన కూర్చోవచ్చు, కాసేపు బయటికి రావడం ఇంకా మంచిది.

ఇక నొప్పికి సున్నా నుంచి పది దాకా ఎన్ని మార్కులని అడుగుతారు. మన పెద్దవాళ్లు ఓర్చుకోవడమే గొప్ప అనుకుని మూడో నాలుగో అంటారు. ఆ అంకె కోసం కుస్తీ పడటం కన్నా, నొప్పి వల్ల ఏ పని ఆగిపోయిందో ఇంట్లోనే కూర్చుని గుర్తు చేసుకోమనండి. పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడగలుగుతున్నారు, పూజకు కింద కూర్చుంటే లేవగలుగుతున్నారా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది. వాటితో పాటు నొప్పి ఎలాంటిదో కూడా: సలుపా, మంటా, తిమ్మిరా, కరెంటు షాక్ కొట్టినట్టు కాలి కిందిదాకా జివ్వున లాగుతోందా. మంట, తిమ్మిరి, షాక్ లాంటివి నరాల నొప్పి వైపు చూపిస్తాయి, దాని మందులు వేరు. ఇవన్నీ అమ్మ ఎలా చెప్తే అలా ఒక కాగితం మీద తెలుగులోనే రాయండి, మెరుగులు దిద్దొద్దు.

మందుల సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువ తేడా జరిగేది ఇక్కడే. ఇండియా నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. పేరు మాత్రమే చెప్తే ఇక్కడి డాక్టరుకు తెలియదు. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్ అని, డోలో అంటే ఇక్కడి టైలెనాల్‌లో ఉండే మందేనని స్ట్రిప్పు వెనక చదివితేనే తెలుస్తుంది. ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ అమెరికాలో అసలు అమ్మరు. నరాల విటమిన్ అనుకుని వేసుకునే కొన్ని మాత్రల్లో ప్రీగాబాలిన్ కలిసి ఉంటుంది, ట్రమడాల్ కలిసిన నొప్పి మాత్రలూ ఉన్నాయి. ఈ రెండింటి మీదా ఇక్కడ చట్టపరమైన నియంత్రణ ఉంది. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చే ముందు రక్తం పలచబరిచే మందుల గురించి డాక్టరుకు తప్పకుండా తెలియాలి. తెలియాలన్నానే గానీ, మీ అంతట మీరు ఆపమనలేదు. షుగరు ఉంటే అదీ ముందే చెప్పాలి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. పసరు మందులు, భస్మాలు కూడా దాచొద్దు.

క్లినిక్‌లో ఇచ్చే ఫారాల్లో దిగులు, నిద్ర, ఆందోళన గురించి ప్రశ్నలు ఉంటాయి. కొడుకు చకచకా అన్నిటికీ “లేదు” అని టిక్కు పెట్టేస్తాడు. మనుషులు కనిపించని వీధిలో పొద్దంతా ఒంటరిగా కూర్చునే తల్లికి దిగులు లేదని మనమెలా రాస్తాం? నొప్పి దిగులును పెంచుతుంది, దిగులు నొప్పిని పెంచుతుంది. డులోక్సెటీన్ అనే మందు డిప్రెషన్‌కీ వాడతారు, షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికీ, మానని నడుము నొప్పికీ వాడతారు. ఆ చీటీ చూసి “మా అమ్మకు పిచ్చా?” అని చింపేసే ఇళ్లున్నాయి. ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లు సొంత నొప్పికి వెళ్లినప్పుడు ఇంకో భయంతో దాస్తారు, కంపెనీకి తెలిసిపోతుందని. మీ అనుమతి లేకుండా డాక్టరు మీ రికార్డు కంపెనీకి ఇవ్వడానికి రోగి వివరాల్ని కాపాడే హిపా చట్టం సాధారణంగా ఒప్పుకోదు.

యూరిన్ టెస్ట్ అడిగితే అవమానం అనుకోవద్దని పెద్దవాళ్లకు ముందే చెప్పండి. ఓపియాయిడ్‌లు అనే, అలవాటు పడిపోయే ప్రమాదమున్న బలమైన నొప్పి మందులు వాడుతున్నవాళ్లను, మొదలుపెట్టబోయేవాళ్లను అలా అడగడం ఇక్కడ మామూలు.

కాగితాల విషయం: స్కాన్ రిపోర్టు ఒక్కటే చాలదు, బొమ్మలున్న సీడీ కావాలి. ఫిజియోథెరపీ ఇండియాలో చేయించినా సరే, ఎప్పుడు, ఎన్ని వారాలో రాసుకోండి, ఇంజెక్షన్‌కి ఒప్పుకునే ముందు ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతారు. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత నొప్పులకు సాధారణంగా డబ్బు రాదు. చేతి డబ్బు పెట్టుకునేవాళ్లు ముందుగానే ఖర్చు అంచనా రాతలో అడగొచ్చు, 2022 జనవరి నుంచి ఆ హక్కు ఉంది.

మన సంఘం హెల్త్ క్యాంపుల్లో బీపీ, షుగరు చూసే బల్లలు ఉంటాయి. వచ్చే క్యాంపులో వాటి పక్కనే ఇంకో బల్ల వేద్దాం. తెలుగు బాగా రాసేవాళ్లు ఇద్దరు కూర్చుని, పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు ఒక పేజీలో రాసి వాళ్ల చేతికివ్వాలి. ఆడవాళ్ల దగ్గర ఆడవాళ్లే కూర్చోవాలి, పిల్లలు ఆ కాసేపు టీ తాగి రావాలి. ఆ పేజీకి నమూనా నేను రాసిస్తాను, కార్యవర్గం బల్లకు చోటిస్తే చాలు.