చచ్చినవాటి కళ్ళు చారెడు

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మన పెద్దలు సెలవిచ్చారు గానీ, గడ్డి కూరిన జంతువులను అమ్మే ఇంగ్లండు వేలంశాలల్లో ఒక్క పూట కూర్చుని ఉంటే వారు ఆ లెక్కను తప్పక సవరించి ఉండేవారు. బతికున్న జంతువుకు మేత వేయాలి, పేడ ఎత్తాలి, జబ్బు చేస్తే వైద్యుణ్ణి పిలవాలి. అదే జంతువు నూరేళ్ళ కిందటే కన్నుమూసి, కడుపులో గడ్డి కూరించుకొని, గాజుకళ్ళు పెట్టించుకొని అద్దాల పెట్టెలో నిలబడితే, దుమ్ము దులిపే గుడ్డ తప్ప ఖర్చేమీ లేదు. చిమటలు కొట్టిన తోకను కూడా కేటలాగు వారు ‘కాలం తెచ్చిన గాంభీర్యం’గా వర్ణించి పెడతారు. ముద్దొచ్చినా ముట్టుకోకూడదన్నది ఒక్కటే నియమం. ఆ రోజుల్లో తోళ్ళకు పురుగు పట్టకుండా పాషాణం (ఆర్సెనిక్ విషం) పూసేవారు.

చచ్చిన జంతువులకు గడ్డి కూరి నిలబెట్టే ఈ రంగంలో ప్రాతఃస్మరణీయుడు ససెక్స్‌కు చెందిన వాల్టర్ పాటర్ (1835–1918). పిల్లికూనలకు పెళ్ళి చేసిన ఘనుడాయన. వధువుకు మేలిముసుగు, బంధువులకు కోట్లు, గౌన్లు, ప్రార్థనపుస్తకం పట్టుకున్న మతగురువు, ఏ లోపమూ లేదు. వధూవరుల ముఖాల్లో జీవకళ లేదని ఆక్షేపించడం అన్యాయం. ‘ఇటు చూడండి’ అని ఫొటోగ్రాఫరు నూరోసారి అన్నాక మన పెళ్ళి ఆల్బమ్‌లలో కనిపించేదీ ఆ చూపే. 2003 సెప్టెంబరులో కార్న్‌వాల్‌లో బోన్‌హామ్స్ వారు పాటర్ మ్యూజియాన్ని వేలం వేసినప్పుడు, పిల్లికి బిచ్చం పెట్టని లోకంలో ఈ పిల్లుల పెళ్ళి 20 వేల పౌండ్లు దాటి పలికింది. సేకరణను విడదీయకుండా ఇస్తే 10 లక్షల పౌండ్లు ఇచ్చేవాణ్ణని బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ (ఆయనా చచ్చిన సొరచేపను మందునీళ్ళలో ముంచి పేరు గడించినవాడే) బహిరంగంగా ప్రకటించాడు. ముక్కలుచెక్కలు చేసి అమ్మితే వచ్చింది దాదాపు అందులో సగం. వస్తువుకు అసలు ధర కట్టేది వేలంపాటేనని బోధించే ఆర్థికవేత్తలు ఈ పాఠాన్ని ఏ అధ్యాయంలో చేర్చుతారో చూడాలి.

అయితే మదుపరి నిజంగా అధ్యయనం చేయవలసింది గ్రేట్ ఆక్ అనే ఎగరలేని సముద్రపక్షి చరిత్రను. మాంసానికీ ఈకలకూ దాన్ని వేటాడీ వేటాడీ అరుదు చేశారు. అరుదైపోయింది గనుక సేకరణకర్తలు ఎగబడ్డారు. వారు ఎగబడ్డారు గనుక 1844లో ఐస్‌లాండ్ దగ్గరి ఎల్డే దీవిలో మిగిలిన జంటను కూడా పట్టి గొంతు నులిమారు. ఆ తర్వాత 1971లో, గడ్డి కూరిన ఒక ఆక్ లండన్‌లోని సోథెబీస్ వేలానికి వస్తే, అదే ఐస్‌లాండ్ ప్రజలు చందాలు వేసుకొని 9,000 పౌండ్లకు కొనుక్కున్నారు. చంపి అమ్ముకున్న సరుకును చందాలెత్తి తిరిగి కొనుక్కునే ఈ పద్ధతిలో సరఫరా, గిరాకీ రెండూ ఒకే ఊళ్ళో ఉంటాయి కాబట్టి రవాణా కష్టాలు కూడా తక్కువ.

చట్టం కూడా సేకరణకర్త పక్షానే ఉంది, తేదీ చూసుకుంటే చాలు. అంతరించిపోతున్న జాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే బ్రిటిష్ నిబంధనల్లో, 1947 మార్చి 3కు ముందే తయారైన వస్తువులకు పురాతనమన్న మినహాయింపు ఉంది. అందువల్ల చట్టాన్ని గౌరవించే పులి ఏదైనా ఆ గడువులోగా చచ్చి, తోలు ఒలిపించుకొని, నోరు తెరిచి సిద్ధంగా ఉండవలసింది. మైసూరులో వేటాడిన జంతువులకు గడ్డి కూరే వాన్ ఇంజెన్ వారి చేతుల్లో పడిన పులులు ఈ విషయంలో మంచి ముందుచూపు ప్రదర్శించాయి. వాటి తలలు నేటికీ బ్రిటన్ వేలాల్లో మర్యాదగా చేతులు మారుతున్నాయి.

మన దేశంలో మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ వికాసానికి అడ్డుపడింది. తాతగారు కొట్టిన పులి తల వారసత్వంగా రావచ్చు గానీ అమ్మకానికి పెట్టడానికి వీల్లేదు. ఆస్తి పంపకాల్లో పొలం అన్నకూ, పులి తల తమ్ముడికీ వస్తే, ఆ తమ్ముడు అటవీశాఖ ఇచ్చిన యాజమాన్య పత్రాన్ని తలకంటే భద్రంగా బీరువాలో దాచుకోవాలి. అది లేదని తేలిందా, చచ్చి ఎనభై ఏళ్ళయిన పులి కూడా అతణ్ణి కోర్టుదాకా ఈడ్చుకుపోగలదు.