దానం సరే, మానం ఏదీ?

పుట్టినరోజు నాడో పెళ్లిరోజు నాడో వికలాంగుల ఆశ్రమానికి వెళ్లి ఒక పూట భోజనం పెట్టి రావడం తిరుపతి మధ్యతరగతి ఇళ్లలో ఇప్పుడు స్థిరపడిన ఆచారం. మంచి ఆచారమే. దాని వెనుక ఉన్న నమ్మకం ఇంకా మంచిది. ఎదుటి మనిషిలో స్వామిని చూడాలన్న మాట ఈ ఊళ్లో ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదు. 2000లో మొదలైన శ్రీవారి సేవ కోసం, అంటే తిరుమలలో యాత్రికులకు స్వచ్ఛందంగా సేవ చేయడానికి, మెడలో కండువా వేసుకుని రైలు దిగేవాళ్లను మనం రోజూ చూస్తూనే ఉన్నాం. నా తగాదా ఆ నమ్మకంతో కాదు. దాన్ని మనం సగంలో వదిలేశామన్నదే నా అభియోగం. వికలాంగుడిలో దేవుణ్ణి చూస్తున్నామని అంటున్నాం గానీ, గుడిలో దేవుడి దగ్గర పాటించే మర్యాదలో నూరో వంతైనా ఆ మనిషి దగ్గర పాటించడం లేదు.

గుడిలో పద్ధతి ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. సుప్రభాతంతో మేల్కొలపనిదే ఆ రోజు సేవలు మొదలు కావు. షోడశోపచారాల్లో మొదట ఆవాహనం, తర్వాత ఆసనం, పాద్యం, అర్ఘ్యం. అంటే ముందు పిలవాలి, కూర్చోబెట్టాలి, కాళ్లకూ చేతులకూ నీళ్లివ్వాలి. నైవేద్యం వంతు వచ్చేసరికి పూజ చాలా దూరం నడిచి ఉంటుంది, పైగా ఆ వేళకు తెర వేస్తారు, ఎందుకంటే స్వామి ఆరగిస్తుంటే గుడ్లప్పగించి చూడడం మర్యాద కాదు. ఆశ్రమంలో మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. పలకరింపు కంటే ముందు పళ్లెం వస్తుంది, పళ్లెం కంటే ముందు ఫోను బయటికి వస్తుంది, తింటున్న మనిషి ముఖం సాయంత్రానికల్లా నలభై వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది.

ఇందులో నన్ను నేను మినహాయించుకోను. ఊరి అంచున ఉన్న ఒక చిన్న వసతి గృహానికి కొన్నేళ్లుగా ఆదివారాలు వెళుతున్నాను. అక్కడ సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న ఒక కుర్రాడు ఉన్నాడు, మాట రాదు. మొదటి రోజు పప్పన్నం మెత్తగా మెదిపి చెంచాతో పెడుతూ, భక్తి పొంగిపోయి, ఒకదాని వెంట ఒకటి అందిస్తూ పోయాను. పక్కన బట్టలు మడుస్తున్న ఆయమ్మ తల కూడా ఎత్తకుండా, "వాడింకా మింగలా సార్" అంది. కాసేపాగి, "కండ్లు పైకెత్తితే కావాలని, కిందికి దించితే వద్దని. వాణ్ణి అడిగి పెట్టండి" అంది. అప్పటిదాకా నేను చూసింది ఆ కుర్రాణ్ణి కాదు, వాడి ద్వారా నాకు దక్కబోయే పుణ్యాన్ని. ఆయమ్మ దేవుడి పేరెత్తి మాట్లాడడం నేనెన్నడూ వినలేదు, కానీ ఆ గదిలో అర్చన తెలిసింది ఆమె ఒక్కదానికే.

ఇదేదో కొత్తగా పుట్టిన ఆలోచన అనుకునేవారు భాగవతం మూడో స్కంధం తెరిచి చూడవచ్చు. సకల భూతాల్లో ఉన్న నన్ను ఉపేక్షించి ప్రతిమను మాత్రమే పూజించేవాడు బూడిదలో హోమం చేసినవాడే అని విష్ణువు అవతారమైన కపిలుడు తల్లి దేవహూతితో అంటాడు. ప్రాణుల్లో ఉన్న తనను ఎలా పూజించాలో కూడా అక్కడే చెబుతాడు: దానమానాలతో, మైత్రితో, భేదం చూడని కన్నుతో. దానం వెంటనే మానం ఉంది, అంటే గౌరవం. ఆ వెంటనే స్నేహం ఉంది. నాలుగు మాటల్లో మొదటిదాన్ని పట్టుకుని మిగతా మూడింటినీ మనం చల్లగా జారవిడిచాం.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచే సంగతి న్యాయస్థానాల చరిత్రలో ఉంది. మన చట్టం దృష్టిలో దేవుడు వ్యక్తి. ఆయన పేరున ఆస్తి ఉంటుంది, ఆయన తరఫున దావా వేయవచ్చు. కలకత్తాలో ఒక కుటుంబ విగ్రహాన్ని ఎక్కడ ఉంచి పూజించాలన్న తగాదా ముదిరి, అప్పట్లో మనకు అత్యున్నత న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోతే, 1925లో ప్రమథనాథ్ మల్లిక్ కేసు తీర్పులో, తానెక్కడ ఉండాలన్న విషయంలో విగ్రహం ఇష్టాన్ని గౌరవించాలని, ఆ ఇష్టాన్ని వినిపించడానికి స్వార్థం లేని ఒక ప్రతినిధిని పెట్టాలని ఆ కోర్టు చెప్పింది. రాతికి ఇష్టం ఉంటుందని, దాన్ని అడిగి తెలుసుకోవాలని నల్లకోట్లు వేసుకున్నవాళ్లు వందేళ్ల కిందటే ఒప్పుకున్నారన్నమాట. మరి ఊపిరి పీలుస్తూ, ఆకలి వేస్తూ, విసుగు వస్తూ మన ఎదుట కూర్చున్న మనిషి ఇష్టం సంగతేమిటి? సంరక్షకుడు ఉన్నప్పటికీ నిర్ణయం ఉమ్మడిగా, ఆ వికలాంగ వ్యక్తి ఇష్టానుసారమే జరగాలన్న మాట మన చట్టంలోకి 2016లో, వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ ద్వారా వచ్చింది. విగ్రహం ఇష్టానికీ మనిషి ఇష్టానికీ మధ్య తొంభై ఒక్క ఏళ్ల దూరం. ఆ చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచిందని, ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం కేటాయించిందని అందరూ చెబుతారు. ఈ 14వ సెక్షన్ ఊసెత్తేవారు మాత్రం అరుదు.

ఊరినే చూడండి. అలిపిరి దారిలో 3,550 మెట్లుంటే ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ అద్ది కర్పూరం వెలిగించి ఎక్కే భక్తులున్న ఊరు ఇది. 1985 నుంచి తిరుమల దేవస్థానం వారి బర్డ్ ఆస్పత్రిలో పోలియో కాళ్లకు శస్త్రచికిత్స చేసి నిలబెట్టిన ఊరూ ఇదే, అది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి. ఆ ఆస్పత్రి నుంచి కాళ్లకు ఊతమిచ్చే క్యాలిపర్లు తొడుక్కుని బయటికి వచ్చిన మనిషి కొత్త ఏటీఎం ముందు, కల్యాణ మండపం ముందు, తన బిడ్డ చదివే బడి ముందు మూడు మెట్ల దగ్గర ఆగిపోతాడు. అప్పుడు నలుగురు పరుగెత్తుకొచ్చి, అడగకుండానే చంకల కింద చేతులు వేసి లేపుతారు, లేపి సంతోషపడతారు. వాలుదారి కట్టడానికి మాత్రం ఎవరూ చందా వేయరు, ఎందుకంటే సిమెంటు వాలు మీద దాత పేరు చెక్కడానికి చోటుండదు. వికలాంగులు ఎక్కడికైనా అడ్డంకి లేకుండా వెళ్లగలిగేందుకు పెట్టిన ప్రవేశ సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలు రావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తేల్చి చెప్పాల్సి వచ్చిందంటే, అంతవరకు అవి ఎవరి దయమీద నడిచాయో ఊహించుకోవచ్చు.

హక్కులు, సెక్షన్లు అంటూ మొదలుపెడితే సేవాభావం ఎండిపోతుందని, భక్తి లేకపోతే ఆదివారం పూట ఎవరు వచ్చి మలమూత్రాలు ఎత్తుతారని కొందరు మిత్రులు అడుగుతారు. ప్రశ్నలో నిజం లేకపోలేదు; ఆ పనికి వచ్చేవారిలో చాలామంది దేవుడి మీద నమ్మకంతోనే వస్తారు. అయితే భక్తిని తగ్గించుకోమని నేను అడగడం లేదు. గుడిలో చూపించే భక్తినే పూర్తిగా, నియమాలతో సహా, ఇక్కడికీ తీసుకురమ్మంటున్నాను.

అసలు ఎవరికైతే హక్కు ఇవ్వడానికి మన చేతులు రావో వాళ్లను దేవుళ్లను చేయడం మనకు బాగా అలవాటైన విద్య. తల్లిని దేవత అన్నాం, ఆస్తి పత్రంలో పేరు రాయలేదు. రైతును అన్నదాత అన్నాం, గిట్టుబాటు ధర అడిగితే ముఖం తిప్పుకున్నాం. 2020 మే 3న ఆస్పత్రుల మీద ఆకాశం నుంచి పూలు చల్లాం, ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తలు మాత్రం ఆ తర్వాత కూడా వేతనాల కోసం రోడ్డెక్కారు. వికలాంగులను దివ్యాంగులు అనడమూ ఈ వరుసలోదే. 2015 చివర్లో ప్రధాని నోట వచ్చిన ఆ మాట చూస్తుండగానే ప్రభుత్వ శాఖ పేరైంది; అది వివాదాస్పద పదమని ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ 2019లో మన దేశం గురించి రాసినప్పుడు గుర్తు చేసింది. దేవుడికి జీతం ఉండదు, దేవుడు ధర్నా చేయడు, దేవుడు మరుగుదొడ్డి ఎక్కడని అడగడు. అందుకే ఆ పీఠం ఇవ్వడం అంత సులువు.

పోయిన ఆదివారం ఎవరో కుటుంబంతో వచ్చి కేకు కోశారు. పెద్ద ముక్క కుర్రాడి నోటి దగ్గరికి వెళ్లింది, వాడు కళ్లు కిందికి దించాడు. "ఒక్కసారి నోరు తెరవమనండి, ఫొటో వస్తుంది" అన్నాడు ఫోను పట్టుకున్నాయన. ఆయమ్మ ఆ ముక్క తీసుకుని పళ్లెంలో పెట్టేసి, చక్రాల కుర్చీ ముందు గొంతుకూర్చుని, "కిటికీ కాడికి పోదామా?" అని అడిగింది. వాడు కళ్లు పైకెత్తేదాకా ఆగి, అప్పుడు బ్రేకు తీసింది.