ఒండ్రు పద్ధతి

గోదావరి డెల్టా అంతా నది మోసుకొచ్చి పోసిన ఒండ్రే కనుక, ఈ ప్రాంత చరిత్రను దాచిన ఇంట్లో చీపురు పట్టడం అపచారమని నాకు మొన్ననే తెలిసివచ్చింది. కాలువ గట్టున డంగు సున్నంతో కట్టిన ఒక పాత బంగళాను ప్రదర్శనశాలగా మార్చారు. అక్కడి తాళపత్రాల మీద పేరుకున్న మేటను చూశాకే ఆ జ్ఞానం కలిగింది. ఆర్థర్ కాటన్ అంతటివాడు కూడా ధవళేశ్వరం ఆనకట్టకు ఇసుక, ఒండ్రు కొట్టుకుపోయేందుకు ప్రత్యేకంగా తూములు పెట్టించాడు. పాపం, తొందర మనిషి. ఇక్కడివారు ఆ పొరపాటు చేయలేదు. దుమ్ము గాని, బల్లి గాని, అర్జీ గాని, లోపలికి వచ్చినదేదీ బయటికి పోయే వీలు లేదు.

గోడల విషయంలోనూ ఇదే దీక్ష. సున్నపు గోడ చెమ్మను పీల్చి, ఎండ కాయగానే వదిలేస్తుంది. అటువంటి నిలకడలేని గోడకు సిమెంటు పూసి, పైన నీలం రంగు వేయించి, చెమ్మను శాశ్వతంగా లోపలే నిలిపారు. అది బొబ్బలుగా పొంగి సందర్శకులకు దర్శనమిస్తోంది. 1986 వరద నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చూపే గీత కూడా ఆ రంగు కిందే సురక్షితంగా ఉందట.

అన్నిటికంటే నన్ను కదిలించినది అద్దాల పెట్టెలోని ఆనకట్ట నమూనా. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలూ ఉన్నాయి. ఫలకం మీద మాత్రం “నిర్మాణం: 1847 – 18 2” అని ఉంది. కాపలాదారును అడిగాను.

“ఆ అయిదు ఊడిపోయిందండి. పెట్టెలోనే ఉందండి, ఎక్కడికీ పోలేదు.”

నిజమే. రేవు చేరని నాటుపడవలా విజ్జేశ్వరం దిగువన ఒరిగి ఉంది. పెట్టె తాళంచెవి మాత్రం బదిలీ అయిన అధికారితో వెళ్లిపోయింది. ఆనకట్ట కట్టడానికి పట్టినది అయిదేళ్లు. ఆ అంకె ఊడిపడి, కాపలాదారు లెక్క ప్రకారం, ఆరేళ్లు.

ఆ అంకెను అతికించవలసిందిగా సలహాల పుస్తకంలో సవినయంగా రాశాను. నాదే ఆఖరి పేజీ. కాపలాదారు పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని, గోడవార బీరువా తెరిచి, అతి కష్టం మీద దూర్చాడు.

“పైవాళ్లు చూస్తారా?” అని అడిగాను.

“ఆయ్, భద్రంగా ఉంటదండి” అన్నాడు.

బీరువా నిండా సలహాల పుస్తకాలే ఉన్నాయి.