ఇచ్చట చలి అమ్మబడును

ముప్పయ్యారేళ్లు రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అందులో పదకొండేళ్లు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా ఊళ్లు తిరిగాను. ఏ స్థలం చూసినా ముందు హద్దులు చూస్తాను, తర్వాత అనుభవంలో ఎవరున్నారో చూస్తాను, అందం ఆ తర్వాత. సర్వీసులో అందం దాకా వెళ్లాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. అందుకే డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో ఉన్న అమ్మాయి ‘‘నాన్నా, క్రిస్మస్ మార్కెట్‌కి వెళ్దాం, చాలా బావుంటుంది’’ అనగానే తెల్లకాగితాలు నాలుగు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈ నివేదిక వాటి ఆధారంగానే రాస్తున్నాను.

ముందుగా మకాం వివరం. అమ్మాయీ అల్లుడుగారూ ఉండేది కిస్తా అనే శివారులో. అంతా సాఫ్ట్‌వేర్, టెలికాం కంపెనీలు. మెట్రో దిగి పది అడుగులు వేస్తే ఎక్కడో ఓ చోట తెలుగు వినబడుతుంది. రాసేది కిస్తా, పలికేది మాత్రం శిస్తా. బ్యాంకు వాయిదాల మీద కొన్న ఫ్లాట్లూ, జీతంలో సుమారు మూడో వంతు పోయే పన్నులూ ఉన్న పేటకు కిస్తీ, శిస్తు రెండూ ఒకే మాటలో కుదిరేలా పేరు పెట్టిన మహానుభావుడు ఎవరోగానీ తప్పకుండా మా శాఖవాడే.

ఇక తనిఖీ. స్థలం: గామ్లా స్టాన్, అంటే పాత ఊరు, అందులో స్టూర్‌టోర్యెట్ అనే రాళ్లు పరిచిన చౌకు. ఉత్తరం హద్దు పాత స్టాక్ ఎక్స్‌చేంజ్ భవనం. కింద నోబెల్ మ్యూజియం, పైన సాహిత్య బహుమతి ఎవరికివ్వాలో తేల్చే స్వీడిష్ అకాడమీ. పడమర హద్దు, అందరూ ఫొటోలు తీసుకునే ఎర్ర ఇల్లు. మధ్యలో ఓ పాత బావి, దాని చుట్టూ ఎర్ర రంగు చెక్క కొట్లు. ఈ సంత 1837 నుంచి ఉన్నదని చెప్పుకుంటారు. పైన సాహిత్యం, కింద రెయిన్‌డీర్ సాసేజ్. రెండింటిలో ఏది ఎక్కువ మందికి చేరుతోందో క్యూ చూస్తే తెలుస్తుంది.

ఈ చౌకుకు పూర్వచరిత్ర ఉంది. 1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ ఈ ఊరిని గెలిచి, పట్టాభిషేకం చేసుకుని, పాత తగాదాలన్నీ మాఫీ అని మాటిచ్చి, ఊరి పెద్దల్ని కోటకు విందుకు పిలిచాడు. మూడు రోజులు విందు. తర్వాత తలుపులు మూశారు. ఎనభై మందికి పైగా తలలు ఈ చౌకులోనే తెగాయి. ఎర్ర ఇంటి మీదున్న తెల్లరాళ్లు ఆ తలల లెక్కేనని గైడ్లు చెబుతుంటారు. ఆ ఇంటి ముఖభాగం కట్టింది 1650 ప్రాంతంలో. నూట ముప్పయ్యేళ్ల తర్వాత వేసిన లెక్కను మా శాఖలో ఎవరూ నమ్మరు, సంతకం మాత్రం పెడతారు. ఏమైనా, పాలకుడు పిలిచిన విందులో మూడో రోజు దాకా కూర్చోకూడదన్న విషయం నేను సర్వీసులో వేరే పద్ధతిలో నేర్చుకున్నాను, అది ఇక్కడ అప్రస్తుతం.

మేం మధ్యాహ్నం మూడింటికి చేరాం. అప్పటికే రాత్రి. అతిశయోక్తి కాదు, డిసెంబరు మధ్యలో అక్కడ మూడు కొట్టకముందే పొద్దు గుంకుతుంది. పగలు మొత్తం ఆరు గంటలు, అదీ మబ్బు వదిలితే. సినిమాల్లో చూపించే మంచు కూడా లేదు. సన్నటి చినుకు, కాళ్ల కింద నల్లటి తడి, చెవుల్లోంచి దూరి ముక్కులోంచి పోయే గాలి. ఆ గాలిలో వందలాది మంది నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఎవరూ బలవంతపెట్టలేదని విచారణలో తేలింది.

ఆ చౌకులో ఏం అమ్ముతున్నారో రాసుకుంటూ వెళ్లాను. ఉన్ని టోపీలు, ఉన్ని మేజోళ్లు, చేతి తొడుగులు, గొర్రె తోళ్లు, మైనం కొవ్వొత్తులు, పొగలు కక్కే పానీయం, వేడి వేడి చక్కెర బాదం. కాగితం సగం నిండేసరికి నాకు అనుమానం వచ్చింది, చివరికొచ్చేసరికి రుజువైంది. ఇవన్నీ ఆ చౌకులో నిలబడటం వల్ల పుట్టే బాధలకు మందులు. ఇంట్లో హీటరు పక్కన కూర్చున్నవాడికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. మనిషిని బయటికి రప్పించి, చలిలో నిలబెట్టి, వణుకు పుట్టాక టోపీ అమ్మడం అన్నమాట. పట్టాలో పేరు మేమే తప్పు రాసి, తప్పు దిద్దడానికి దరఖాస్తు మేమే తీసుకున్న రోజులు గుర్తొచ్చాయి. కాకపోతే మా ఆఫీసు బయట ఎవరూ పాటలు పాడేవారు కాదు.

ఈ సంగతి అల్లుడుగారి చెవిన వేశాను. ఆయన చాలా మర్యాదస్తుడు. ‘‘మావయ్యగారూ, చెడ్డ వాతావరణం అనేదే లేదు, చెడ్డ బట్టలే ఉంటాయని ఇక్కడ సామెత’’ అన్నారు. ఆ సామెత పుట్టించినవాడికి బట్టల కొట్టు ఉందేమో కనుక్కోమన్నాను. ఇంకా కనుక్కోలేదు.

డబ్బు దగ్గర ఇంకో చిక్కు. మా కాలనీ మిత్రుడొకాయన 2012లో స్వీడన్ వచ్చి వెళ్తూ మిగుల్చుకున్న 500 క్రోనార్ల నోటు నా చేతిలో పెట్టి, ‘‘టీ తాగవయ్యా’’ అని పంపాడు. ఆ రకం నోటు 2017 జూన్ 30తో చెల్లకుండా పోయిందట. మనవాళ్లు నాలుగ్గంటలు టైమిచ్చారు, వీళ్లు నెలల తరబడి ఇచ్చారు, అయినా మా మిత్రుడికి కబురందలేదు. సరే, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో మార్చుకున్న కొత్త నోట్లు తీశాను. కొట్లో అమ్మాయి చిరునవ్వుతో తల అడ్డంగా ఊపి, కార్డు యంత్రం చూపించింది. నోట్లు తీసుకోరట! యూరప్‌లో మొట్టమొదటి బ్యాంకు నోట్లు వెలువడింది 1661లో, ఈ ఊళ్లోనే. అచ్చేసిన పాల్మ్‌స్ట్రుక్ అనే ఆయన ఉన్న సొత్తు కంటే ఎక్కువ నోట్లు వేసి, బ్యాంకు ముంచి, కోర్టు మెట్లెక్కాడు. అంటే కాగితం డబ్బు మీద వీళ్లకు అనుమానం కలగడానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది. ఫైలు కదలిక బానే ఉంది.

కార్డు గీకి మేం కొన్నది గ్లోగ్ అనే పానీయం. చిన్న కాగితం కప్పు 50 క్రోనార్లు. క్రోనా సుమారు 9 రూపాయలు, మిగతా లెక్క మా ఆవిడ నాకంటే ముందు వేసింది. దాల్చినచెక్క, లవంగం, ఏలకులు, అల్లం, నారింజ తొక్క వేసి మరగబెట్టిన ద్రాక్ష. కప్పు అడుగున కిస్‌మిస్, బాదం పలుకులు. రెండు గుక్కలు తాగి మా ఆవిడ, ‘‘ఇది నాకు జలుబు చేస్తే మీరు పెట్టిచ్చేదే కదా’’ అంది. సాక్షుల ముందు చెబుతున్నాను, పెళ్లైన నలభయ్యేళ్లలో నేను కషాయం పెట్టిచ్చిన దాఖలా లేదు. పెట్టింది ఆవిడే, రెండు జలుబులకూ. ఆవిడ ఉద్దేశం దెప్పడమేనని నాలుగు రోజుల తర్వాత అర్థమైంది.

అసలు గ్లోగ్‌లో మద్యం ఉంటుంది. మేం తాగింది లేనిదని అమ్మాయి ఒట్టేసింది. మద్యం ఇంటికి కొనుక్కోవాలంటే దాదాపు ఎప్పుడూ సిస్టెంబొలాగెట్ అనే ప్రభుత్వ దుకాణానికే వెళ్లాలి, ఆదివారం మూత. మా రాష్ట్రంలో ప్రభుత్వం 2019లో మద్యం దుకాణాలు తనే నడపడం మొదలుపెట్టి 2024కల్లా చేతులు దులుపుకుంది. వీళ్లు 1955 నుంచి అలుపు లేకుండా నడుపుతున్నారు. అంతకుముందైతే ఏకంగా మందుకు రేషను పుస్తకం ఉండేదట. నెలకింతని రాసి ముద్ర వేసేవారు. పెళ్లైన ఆడవాళ్లకు పుస్తకమే లేదు, ఇల్లంతటికీ మొగుడి పుస్తకమే. ఈ వివరం చెప్పగానే మా ఆవిడ నా చేతిలోని కప్పు తీసుకుని మిగిలింది కూడా తాగేసింది.

చెక్క గుర్రాలు, ఎర్ర తెల్ల చారల చక్కెర కడ్డీలు చూశాం. బావున్నాయి. వాటి మీద వ్యాఖ్య లేదు.

ఆగి చూడాల్సింది టోమ్‌టె దగ్గర. ప్రతి కొట్లోనూ ఉన్నాడు. అడుగెత్తు బొమ్మ, నెరిసిన గడ్డం, ఎర్ర టోపీ. టోపీ ముక్కు దాకా దిగి ఉంటుంది, కళ్లు కనబడవు. దరఖాస్తుదారుణ్ణి చూడనవసరం లేని ఆ ఏర్పాటు చూడగానే ఎక్కడో చుట్టరికం తగిలింది. ఎవరీయన అని అడిగితే అమ్మాయి కథ చెప్పింది. పూర్వం ప్రతి రైతు ఇంటికీ ఒక టోమ్‌టె ఉండేవాడు. పశువులశాలలో కాపురం. గొడ్డూ గోదా, పంటా పైరూ ఆయన అధీనం. పని చేస్తాడో లేదో ఎవరూ చూడలేదుగానీ, ఆయనకు కోపం వస్తే మాత్రం అందరికీ తెలుస్తుంది. క్రిస్మస్ ముందు రాత్రి ఆయనకు గిన్నెడు జావ పెట్టాలి, దాని మీద వెన్నముద్ద ఉండి తీరాలి. ఓ ఇంట్లో పనిపిల్ల ఆటపట్టిద్దామని వెన్న అడుగున వేసి పైన జావ పోసింది. ఆయన వచ్చాడు, పైన వెన్న కనబడలేదు, నేరుగా కొట్టంలోకి వెళ్లి ఆవును చంపేశాడు. తిరిగొచ్చి జావ తాగితే అడుగున వెన్న తగిలింది. అయ్యో పొరపాటైందని, పక్కింటివాళ్ల ఆవును తోలుకొచ్చి ఇక్కడ కట్టేశాడు.

ఆ దేశంలో నాకు పూర్తిగా అర్థమైన మొదటి అధికారి ఈయన. ఏడాదికో మామూలు, అది పైకి కనబడాలి, కనబడకపోతే చర్య, చర్య తప్పని తేలితే పక్క సర్వే నంబరులోంచి సర్దుబాటు. మాన్యువల్‌లో ఇంత స్పష్టంగా ఎక్కడా లేదు. ఆ పక్కింటి రైతు అర్జీ పెట్టుకున్నాడా అని అడిగాను. కథలో లేదంది అమ్మాయి. ఉండదు.

ఆ పక్క కొట్లోనే ఎర్ర రిబ్బను చుట్టిన గడ్డి మేకలు. ఇక్కడే నాకు పాత సర్వీసు పూర్తిగా తిరిగొచ్చింది. స్టాక్‌హోమ్‌కు ఉత్తరంగా యెవ్లె అని ఊరుంది. అక్కడ 1966 నుంచి ఏటా క్రిస్మస్‌కు నడి కూడలిలో పదమూడు మీటర్ల గడ్డి మేకను నిలబెడతారు. మొదటి ఏడాదే డిసెంబరు 31 రాత్రి ఎవరో తగలబెట్టారు. అప్పట్నుంచీ సగానికి పైగా ఏళ్లలో అది ఏదో రకంగా నాశనమైంది. కంచె వేశారు, కెమెరాలు పెట్టారు, కాపలా పెట్టారు, మంట అంటుకోని రసాయనం పూశారు. 2001లో ఒక అమెరికన్ పర్యాటకుడు ‘ఇదిక్కడ ఆచారం’ అని స్నేహితులు చెప్తే నమ్మి అంటించి, పద్దెనిమిది రోజులు జైల్లో ఉన్నాడు. 2005లోనైతే అల్లం బిస్కెట్టు మనిషి వేషంలో ఒకడు, శాంటాక్లాజ్ వేషంలో ఇంకొకడు వచ్చి నిప్పుబాణం వేశారని సాక్షుల మాట.

గడ్డివాము దగ్ధం కేసులు నేను ముప్పై దాకా చూశాను. స్థలానికి వెళ్లడం, బూడిద కొలవడం, ఇద్దరు పెద్దమనుషుల సంతకాలతో పంచనామా రాయడం, ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని ముగించడం. ఊరంతటికీ వ్యక్తులెవరో తెలిసే ఉంటుంది. కానీ ‘నిందితుల్లో ఒకరు అల్లం బిస్కెట్టు’ అని రాసే భాగ్యం నాకు దక్కలేదు. రాస్తే తాసిల్దారుగారు మెమో ఇచ్చేవారు. 2023లో మేక తగలబడలేదుగానీ, గడ్డిలో గింజలు మిగిలిపోవడంతో పక్షులు పొడిచి తినేశాయి. నష్టపరిహారం పట్టికలో పక్షుల గడి లేదు. ఈ చిక్కు మాకూ ఉండేది.

ఆ తర్వాతి ఆదివారం స్కాన్‌సెన్ అనే చోటికి తీసుకెళ్లారు. అక్కడా సంతే, 1903 నుంచి. అయితే లోపలికి వెళ్లడానికే టికెట్టు. కొనడానికి వచ్చినవాడి దగ్గర ముందే వసూలు చేయడమేమిటని ఆగ్రహించబోయి, నాంపల్లి నుమాయిష్ గుర్తొచ్చి ఊరుకున్నాను. అక్కడ అల్లం బిస్కెట్టు ఒకటి చేతిలో పెట్టి, మనసులో ఏదైనా కోరుకుని, అరచేతిలో ఉంచి వేలితో నొక్కమన్నారు. మూడు ముక్కలైతే కోరిక తీరుతుందట. నాది నాలుగైంది. మనవరాలు ‘‘తాతయ్యా, మళ్లీ’’ అంది. రెండోది పొడైంది. భాగపంపకం అన్నాక ఇలాంటివి ఉంటాయి, నాలుగో భాగస్తుడు ఎక్కణ్ణుంచో ఒకడు వస్తాడు.

డిసెంబరు 24 రాత్రి. అక్కడ పండగంతా ఆ సాయంత్రమే. మనవరాలు బళ్లో కథ విని వచ్చి, టోమ్‌టెకు జావ పెట్టాల్సిందేనని పట్టుబట్టింది. నాలుగో అంతస్తు ఫ్లాటు, గొడ్లు లేవు, అయినా ఎందుకు రిస్కు అన్నాను. అక్కడి పండగ జావ బియ్యం, పాలు, దాల్చినచెక్కతో చేస్తారు, పరమాన్నానికి పినతల్లి కూతురు. ఇంట్లో వెన్న లేదు. ఊరి నుంచి మేం తెచ్చిన నెయ్యి ఉంది. గరిటెడు తీసి పైన, సరిగ్గా మధ్యలో, ఎంత టోపీ దిగినా కనబడేలా వేయించాను. బాల్కనీలో పెట్టిన రెండు నిమిషాల్లో పేరుకుని తెల్లగా ముద్ద కట్టింది.

తెల్లారి, అంటే తొమ్మిదింటికి, వెళ్లి చూస్తే గిన్నె ఖాళీ. నేతి మరక కూడా లేదు. రోజూ రెయిలింగు మీద వాలే ఆ నల్లా తెల్లా తోక పిట్టల పనేనంది మా ఆవిడ. మనవరాలు ఒప్పుకోలేదు. నేను గిన్నె ఎత్తి కింద చూశాను, బోర్లించి చూశాను. రసీదు లేదు.

ఆయనే.