వంటగట్టు మీద పెడితే ఫోన్‌కి మట్టం తెలియదు

ఈ నెలలో నలుగురు మిత్రులు ఒకే మెసేజ్ పంపారు. "ఫోన్ ఉండగా రసమట్టం కొనడం ఎందుకు? ఇల్లు కట్టుకునే వారందరికీ పంపండి" అని మొదలై, కింద ఫోన్‌తోనే నేల వాలు కొలవడానికి ఆరు చిట్కాలు. (రసమట్టం అంటే నేల మట్టంగా ఉందో లేదో చూపే స్పిరిట్ లెవెల్.) మొదటి ముగ్గురికీ మర్యాదగా జవాబిచ్చాను. నాలుగోది మా చెల్లెలి ఇంట్లో బాత్రూమ్ చూసి వచ్చిన సాయంత్రం వచ్చింది. ఇక ఊరుకోలేను.

"ఫోన్‌ను ఎనిమిది అంకెలా గాలిలో తిప్పితే సెన్సార్ సరి అవుతుంది." అలా తిప్పేది దిక్సూచి కోసం. దాని సెన్సార్ వేరు. వాలు చూపే యాక్సిలరోమీటర్‌కి ఆ తిప్పుడుతో పని లేదు.

"ఊరు మారితే గురుత్వాకర్షణ మారుతుంది, మళ్లీ సెట్ చేయాలి." భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. అంత దూరం పోయినా తేడా అర శాతమే. పైగా కోణం లెక్కకట్టేది రెండు అక్షాల నిష్పత్తితో కాబట్టి ఆ తేడా అక్కడే కొట్టుకుపోతుంది.

"కదిలే బండిలోంచి రోడ్డు వాలు కొలవచ్చు." బ్రేక్ వేయగానే గురుత్వంలో పదో వంతు తోపు పడితే చాలు, సెన్సార్ దాన్ని 5.7 డిగ్రీల వాలు అనుకుంటుంది. కదలకుండా ఉన్నప్పుడే దాని మాట నమ్మాలి.

"స్క్రీన్ మీద 0.1 డిగ్రీ కనిపిస్తోందంటే అంత కచ్చితం అన్నమాట." కాదు. కాలేజీ ప్రాజెక్టుల్లో అందరూ వాడే ఎంపీయూ-6050 అనే యాక్సిలరోమీటర్ చిప్పునే తీసుకోండి. సున్నా చూపాల్సిన చోట అడ్డం అక్షాల్లో 50 మిల్లీ-జీ (మిల్లీ-జీ అంటే గురుత్వంలో వెయ్యో వంతు), నిలువు అక్షంలో 80 మిల్లీ-జీ దాకా తేడా ఉండొచ్చని దాని డేటాషీట్‌లోనే రాశారు. అంటే సుమారు 2.9 డిగ్రీలు, 4.6 డిగ్రీలు. ఫోన్లలో వేరే చిప్పులుంటాయి, కొంత సవరణ ఫ్యాక్టరీలోనే జరుగుతుంది. కానీ దశాంశం తర్వాత ఎన్ని అంకెలు చూపాలన్నది యాప్ రాసినవారి ఇష్టం. దాన్ని చూసి కచ్చితత్వం తేల్చకండి.

ఇక రెండో చిట్కా. నా కోపమంతా దీని మీదే. "వంటింటి గ్రానైట్ గట్టు మీద ఫోన్ పెట్టి క్యాలిబ్రేట్ నొక్కండి. గ్రానైట్ ఎప్పుడూ సమంగా ఉంటుంది. ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదు."

నునుపుగా ఉండటం వేరు, మట్టంగా ఉండటం వేరు. నీళ్లు సింక్‌లోకి పోవాలని చాలా ఇళ్లలో గట్టుకు కావాలనే కొంచెం వాటం ఇస్తారు. దాని మీద ఫోన్ పెట్టి "ఇదే సున్నా" అని చెబితే, గట్టు వాలంతా ఫోన్‌లోకి ఎక్కుతుంది. వెనక కెమెరా ఉబ్బు వల్ల ఫోన్ వంగి కూర్చుంటే ఆ వంపూ కలుస్తుంది. ఒక్క డిగ్రీ తప్పు అంటే మీటరుకు 17 మిల్లీమీటర్లు పైమాటే. బాత్రూమ్ నేలకు మీటరుకు సెంటీమీటరు వాటం పెట్టామనుకుంటాం. ఆ ఒక్క డిగ్రీ ఎదురు దిక్కున పడితే నీళ్లు జాలీ వైపు కాదు, గడప వైపు నడుస్తాయి. మా చెల్లెలింట్లో జరిగింది అదే. మేస్త్రి నీళ్లు నింపి మట్టం చూసే లెవెల్ ట్యూబ్ తీయబోతే, ఫోన్ ఉండగా అదెందుకని ఇంట్లోవాళ్లే వద్దన్నారు.

సరైన పద్ధతి కష్టమైందా అంటే అదీ కాదు. ఫోన్‌ను నేల మీద పెట్టి అంకె చూడండి. అదే చోట సరిగ్గా సగం చుట్టు తిప్పి మళ్లీ చూడండి. మొదట 1.4, తర్వాత మైనస్ 0.4 వచ్చిందనుకోండి. రెండూ కలిపి సగం చేస్తే 0.5, అది ఫోన్ తప్పు. తేడాలో సగం 0.9, అది నేల అసలు వాలు. మట్టంగా ఉన్న బల్ల కోసం వెతకనే అక్కర్లేదు.

సెన్సార్‌తో పరికరం తయారు చేసేవారైతే ఒక్కో అక్షాన్నీ పైకోసారి, కిందికోసారి నిలబెట్టాలి, మొత్తం ఆరు స్థితులు. గురుత్వాన్ని 1 అనుకుంటే పైకి 1, కిందికి మైనస్ 1 రావాలి. పైకి 1.06, కిందికి మైనస్ 0.98 వస్తే రెండూ కలిపి సగం 0.04, అది సున్నా తప్పు. తేడాలో సగం 1.02, అది స్కేలు, అంటే 1 ఉండాల్సిన చోట చిప్పు చూపేది. ఇక్కడ బల్ల ఒక డిగ్రీ వంగినా నిలువు అక్షం పోగొట్టుకునేది పదివేలలో ఒకటిన్నర వంతే. అదే డిగ్రీ అడ్డం అక్షంలో వెయ్యిలో పదిహేడు వంతులుగా పడుతుంది. ఒకే పొజిషన్‌లో పెట్టి బటన్ నొక్కడం ఎందుకు పనికిరాదో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

ఆరో చిట్కా మాత్రం ఒప్పుకుంటాను: "ఎండలో వేడెక్కిన ఫోన్‌తో కొలవకండి." నిజం. వేడికి సున్నా జరుగుతుంది. నేను ముగ్గురికి రాసిన జవాబుల్లో ఈ సంగతి మర్చిపోయాను, మెసేజ్ రాసినవారు మర్చిపోలేదు. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. తిప్పి చూసే పద్ధతిలో కొలిస్తే, కింద పడి దెబ్బతిన్న రసమట్టం కన్నా ఫోనే మెరుగు.

చెల్లెలింట్లో సోమవారం టైల్స్ పగలగొడుతున్నారు. ఈసారి లెవెల్ ట్యూబ్ పట్టాక, టైల్ అంటించే ముందే చెంబుడు నీళ్లు పోసి చూడమని మేస్త్రికి చెప్పాను.