సీ వ్యూ రేటు, సారణి పాట్లు

విశాఖలో ఫ్లాటుకు సముద్రం కనబడితే ఒక రేటు, కనబడకపోతే ఇంకో రేటు. ఆ పై డబ్బులో గాలితోపాటు ఉప్పు కూడా కలిపే ఇస్తారని ఏ బిల్డరూ చెప్పడు. లాసన్స్ బే దగ్గర అలాంటి బాల్కనీ కోసమే మేమూ అప్పు చేశాం. ఆ ఉప్పును పూర్తిగా వాడుకుంటున్నది మాత్రం గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసిన మా బొబ్బిలి వీణ ఒక్కటే.

మొన్న వీణ మొదటి తీగ, సారణి, తెగింది, ఈ ఏడాదిలో మూడోసారి. అంతకు రెండు రోజుల ముందే తీగ మీద వేలు నడిపితే వేలికి ఎర్రటి గీత అంటింది. అత్తయ్యగారు చూసి, "దసరాకి పెట్టిన కుంకుమ ఇంకా ఉందమ్మా!" అని కళ్ళకద్దుకున్నారు. నేను కాదనలేదు.

సారణి, పంచమం ఉత్త ఉక్కు తీగలు. కర్బనం దండిగా ఉండబట్టే అంత బిగువుకి ఆగుతాయి. క్రోమియం లేదు గనక తుప్పుకి ఆగవు. కాపలాకి పైన పల్చటి తగరం పూత వేస్తారు. స్వరాన్ని ఊపే గమకం కోసం తీగను మెట్ల మీద లాగి లాగి ఆ పూతను మనమే అరగదీస్తాం. అంటే సాధన ఎక్కువైన కొద్దీ తుప్పూ ఎక్కువే. నా వీణకి ఎంత తుప్పుందో ఇందాకే చెప్పాను, నా విద్వత్తు మీరే లెక్కకట్టుకోండి.

స్టెయిన్‌లెస్ వెయ్యమని మా మరిది సలహా. క్రోమియం 10.5 శాతం దాటితే ఉక్కు కంటికి కనబడని పొర కప్పుకుంటుంది, నిజమే. ఉప్పులోని క్లోరైడు ఆ పొరకే చిల్లులు పెడుతుంది. స్టెయిన్‌లెస్, అంటే మరకపడనిది, అని పేరు పెట్టినాయన మా బాల్కనీలో ఒక్క వర్షాకాలం కాపురం చెయ్యాల్సింది.

ఇక కింది స్వరాల తీగలు మంద్రం, అనుమంద్రం. మా వీణకి లోపల ఉక్కు, పైన రాగి చుట్టు. మధ్యలోకి ఉప్పు తేమ చేరిందా, అదొక బుల్లి బ్యాటరీ. రాగి సుఖంగా ఉంటుంది, ఉక్కు కరిగిపోతుంది. పైకి తీగ నిగనిగలాడుతూనే ఉంటుంది. కోడళ్ళకి ఈ రసాయన శాస్త్రం విడిగా చెప్పనక్కర్లేదు.

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని పోరాడిన ఊరు మనది. ఉక్కు సరే, తుప్పు ఎవరి హక్కో కూడా తేల్చాలి. బీచ్ రోడ్డులో కుర్సుర జలాంతర్గామి 2002 నుంచి రంగులేయించుకుని దర్జాగా ఒడ్డున కూర్చుంది. మా వీణకి రంగు అక్కర్లేదు, సీ వ్యూ రేటులో కాస్త తగ్గిస్తే చాలు.

మా మాస్టారు మాత్రం, "వాయించాక పొడిగుడ్డతో తుడువమ్మా, వేలికి రాసుకునే కొబ్బరినూనే ఒక చుక్క తీగకీ రాయి" అన్నారు. నిన్న తుడిచాను. గుడ్డంతా ఎర్రెర్రగా అయింది. అత్తయ్యగారు దాన్ని మడతపెట్టి దేవుడి గదిలో పెట్టారు.