రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకోండి, 3389 పోర్టు మాత్రం లోకానికి తెరవకండి

క్లౌడ్‌లో లినక్స్ సర్వర్ (నెట్ ద్వారా వాడుకునే అద్దె కంప్యూటర్) తీసుకుని దాని మీద డెస్క్‌టాప్ ఎక్కించి ఇంటి నుంచి వాడుకుంటాను అంటే చాలు, "టెర్మినల్ (కమాండులు టైపు చేసే తెర) రానివాళ్లకి లినక్స్ ఎందుకు" అని దీర్ఘాలు తీసేవాళ్లు ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. అంతకన్నా పెద్ద పేచీ, ఫైర్‌వాల్‌లో (సర్వర్‌లోకి ఎవరు రావచ్చో తేల్చే కాపలాలో) రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు దగ్గర "ఎనీవేర్", అంటే ఎక్కడి నుంచైనా రావచ్చని, కొట్టెయ్యండి, పనైపోతుంది అని నేర్పి పంపించేవాళ్లతో. మన శ్రీకాకుళం, విజయనగరం ట్రైనింగ్ సెంటర్లలో నేర్చుకుని నా దగ్గరికొచ్చిన కుర్రాళ్లలో చాలామంది నోట ఇదే మాట.

ముందు డెస్క్‌టాప్ సంగతి. మన పిల్లల చేతిలో ఉండేది 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్, అదీ అన్నదో అక్కదో వాడి ఇచ్చింది. బ్రౌజర్‌తో పాటు ఇంకో పెద్ద సాఫ్ట్‌వేర్ తెరిస్తే బిగుసుకుపోతుంది. పని సర్వర్ మీద నడిస్తే లాప్‌టాప్ బొమ్మ చూపిస్తే చాలు. పైగా మనకి గాలీవానా వస్తే ముందు పోయేది కరెంటే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు రావడానికి ఎన్నాళ్లు పట్టిందో అక్కడివాళ్లనడగండి. లాప్‌టాప్ ఆరిపోయినా, నెట్ పోయినా సర్వర్ మీద తెరిచిన పని నడుస్తూనే ఉంటుంది, మళ్లీ కనెక్టయితే వదిలిన చోటే దొరుకుతుంది. కాకపోతే విండో మూసెయ్యాలి గానీ లాగవుట్ కొట్టకూడదు. ఇంత మేలు ఉన్నదాన్ని చేతగానితనం అనడం నాకు నచ్చదు.

పెట్టుకోవడం కష్టం కాదు. ఉబుంటు అనే లినక్స్ ఉన్న సర్వర్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్, దూరం నుంచి దాన్ని తెరవనిచ్చే ఎక్స్‌ఆర్‌డీపీ, ఈ రెండూ ఇన్‌స్టాల్ చేస్తే విండోస్‌లో ఉండే రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్‌తోనే లోపలికెళ్లొచ్చు. చిన్న సర్వర్ మీద గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్ జోలికి పోవద్దు, ఉన్న ర్యామంతా అదే మింగేస్తుంది. "అన్నా, పాస్‌వర్డ్ కొట్టాక స్క్రీన్ నల్లగా అయిపోతంది, ఏటి చెయ్యాల" అని అడుగుతుంటారు. చాలాసార్లు జవాబు ఒకటే. ఏ డెస్క్‌టాప్ మొదలెట్టాలో ఎక్స్‌ఆర్‌డీపీకి తెలీదు. హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎక్స్‌సెషన్ (.xsession) అనే ఫైల్ పెట్టి అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్ పేరు (xfce4-session) ఒక్క లైను రాస్తే సరిపోతుంది.

అసలు ప్రమాదం దీని తర్వాతే ఉంది. క్లౌడ్‌లో ఇచ్చే ఉబుంటులో "ఉబుంటు" అనే యూజర్‌కి మామూలుగా పాస్‌వర్డే ఉండదు, కీ ఫైల్‌తోనే (పాస్‌వర్డ్ బదులు మన దగ్గరుండే రహస్య ఫైల్‌తో) లోపలికి రావాలి. చాలా మంచి ఏర్పాటు. కానీ ఎక్స్‌ఆర్‌డీపీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అందుకని పిల్లలు ఆ యూజర్‌కే "ఉబుంటు123" లాంటి పాస్‌వర్డ్ పెట్టేస్తారు, 3389 ఎనీవేర్ చేసేస్తారు. ఇంటికి ఇనప తలుపు బిగించి దొడ్డిదారికి గడియ పెట్టనట్టు. ఆ యూజర్‌కి సుడో (సర్వర్ మీద సర్వాధికారం) కూడా పాస్‌వర్డ్ అడక్కుండానే ఇచ్చేస్తుంది. అంటే ఆ ఒక్క పాస్‌వర్డ్ దొరికినవాడికి సర్వర్ మొత్తం దొరికినట్టే.

నా సర్వర్ ఎవడిక్కావాలి అనుకుంటారు. ఇంటర్నెట్‌లో తెరిచున్న పోర్టులు వెతుక్కుంటూ రాత్రీపగలూ తిరిగే ప్రోగ్రాములకి మీరెవరో అక్కర్లేదు. ఆథ్ లాగ్ (సర్వర్‌లో లాగిన్ ప్రయత్నాల చిట్టా) తెరిచి చూడండి. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అని ఒక్కో పేరు పెట్టి, ఎక్కడెక్కడి ఐపీల (నెట్ అడ్రస్‌ల) నుంచో, సెకన్ల తేడాతో, కిందకి లాగేకొద్దీ అవే లైన్లు. ఆమదాలవలస కుర్రాడొకడు ప్రాజెక్టు కోసం పెట్టుకున్న సర్వర్ ఇలాగే పోయింది. ఏ ప్రోగ్రాము ఎంత తింటోందో చూపించే టాప్ కమాండ్ కొడితే ముక్కూమొహం తెలీని ప్రాసెస్ ఒకటి సీపీయూ నూటికి నూరు తినేస్తోంది, ఎవడి కోసమో క్రిప్టో తవ్వుతోంది. మీ సర్వర్ నుంచి వేరేవాళ్ల మీద దాడులు జరుగుతున్నాయని క్లౌడ్ కంపెనీ నోటీసు, ఆ వెంటనే అకౌంట్ బంద్. కార్డు వాళ్ల నాన్నది. ఆ అబ్బాయి తప్పేముంది? నేర్పిన పాఠంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు.

ఎనీవేర్ బదులు "మై ఐపీ" (మీ ఐపీకి మాత్రమే తెరిచే ఆప్షన్) ఎంచుకోమని చెప్తున్నాం కదా అంటారు కొందరు. మొబైల్ డేటా మీద బతికే మన ఊళ్లలో ఆ ఐపీ ఎంతసేపు నిలుస్తుంది? కరెంటు పోయి వస్తే మారుతుంది, సిమ్ మార్చినా మారుతుంది. పైగా ఒకే ఐపీ వెనక ఎంతోమందిని పెడతారు. రెండుసార్లు కనెక్ట్ కాకపోతే విసుగొచ్చి ఎవరైనా ఎనీవేరే కొడతారు.

దీనికి సరైన దారి ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్, అంటే సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ లోపల నుంచే డెస్క్‌టాప్‌కి సొరంగం వెయ్యడం. క్లౌడ్ ఫైర్‌వాల్‌లో 3389 అసలు తెరవొద్దు. ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22 ఒక్కటే ఉంచి, అక్కడ పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, కీతో మాత్రమే రానివ్వండి. విండోస్ 10, 11లలో ఎస్‌ఎస్‌హెచ్ ఉండనే ఉంది, పుట్టీ లాంటి వేరే సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. కమాండులో హైఫన్, పెద్ద ఎల్, ఆ తర్వాత 3390, లోకల్‌హోస్ట్ (అంటే ఆ మెషీనే), 3389, వీటి మధ్య కోలన్లు. అంతే, మీ లాప్‌టాప్‌లోని 3390 పోర్టు సర్వర్ లోపలి 3389కి కలిసిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో సర్వర్ ఐపీ బదులు లోకల్‌హోస్ట్ కోలన్ 3390 కొట్టండి. మీ ఐపీ ఎన్నిసార్లు మారినా ఫైర్‌వాల్ ముట్టుకునే పని లేదు. డెస్క్‌టాప్ కోసం సుడో లేని వేరే యూజర్‌ని తయారుచేసుకోండి. ఎక్స్‌ఆర్‌డీపీని లోకల్‌హోస్ట్‌కే కట్టేస్తే, అంటే సర్వర్ లోపలి నుంచి తప్ప బయటి నుంచి వినకుండా చేస్తే, ఇంకా నిశ్చింత.

సర్వర్ ఎక్కడ తీసుకున్నారో కూడా చూసుకోండి. డిఫాల్ట్‌గా వచ్చిన అమెరికా రీజియన్‌లో (అంటే సర్వర్లుండే చోటు అంత దూరాన) పెట్టి మౌస్ కదలట్లేదని లినక్స్‌ని తిడితే ఎలా? అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచింది, అయితే అకౌంట్‌లో మనమే ఎనేబుల్ చేసుకోవాలి. లేదంటే ముంబై ఉంది.

తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలొస్తే కంగారుపడొద్దు, సర్వర్‌లో ఫాంట్లు లేవు, అంతే. ఉబుంటులో తెలుగు విజయం ఫాంట్ల ప్యాకేజీ ఉంది. అందులో మన గురజాడ పేరుతో ఒకటి, గిడుగు పేరుతో ఒకటి ఉన్నాయి. నాకు అవి వేసుకుంటే అదో తృప్తి.

నేర్పేవాళ్లకి నా విన్నపం ఇది. క్లాసులో టైము చాలదు, టన్నెల్ అంటే పిల్లలు భయపడతారు అని నాకు చెప్పకండి. ఇంటర్ చదివే అమ్మాయిలకి విజయనగరంలో నేనే చెప్పాను, ఒక్క పూటలో పట్టుకున్నారు. ఎనీవేర్ అని ఉన్న ఆ స్లైడ్ తీసేసి, టన్నెల్ కమాండు పెట్టండి. ఇప్పటికే 3389 తెరిచి పెట్టుకున్నవాళ్లు ఈ పోస్టు చదవడం ఆపి ముందు ఆ రూల్ తీసెయ్యండి. ఎక్కడైనా ఆగిపోతే నాకు మెసేజ్ పెట్టండి, రాత్రి తొమ్మిది దాటాక తీరిగ్గా చూస్తాను. స్క్రీన్‌షాట్ పంపితే అందులో సర్వర్ ఐపీ చెరిపేసి పంపండి. కీ ఫైల్ మాత్రం నాకే కాదు, ఎవరికీ పంపకండి.